టాన్ హిల్, బటర్‌టబ్స్, గ్రింటన్: ఒక్క రోజులో మూడు మూర్‌లు సైకిల్ మీద దాటాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి

"అక్కా, మొత్తం 68 కిలోమీటర్లే కదా! మొన్న కాలువ గట్టు మీద 80 తొక్కాను. పొద్దున్నే మొదలుపెడితే భోజనం టైముకి అయిపోతుంది" అన్నాడు మాంచెస్టర్‌లో ఉండే మా తమ్ముడు. వాడికి ఫోన్‌లో అరగంట చెప్పినా పూర్తి కాలేదు. ఆ మిగిలింది, చెప్పిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. లీడ్స్‌లో ఉంటూ ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో చాలా ఏళ్ళుగా సైకిల్ తొక్కుతున్నాను. ఈ రూటు నాకు చాలా ఇష్టం. అందుకే దీన్ని ఎవరూ అజాగ్రత్తగా మొదలుపెట్టి మధ్యలో ఏడవకూడదని నా ఆశ.

ముందు రెండు మాటలు తెలియాలి. డేల్ అంటే లోయ. పాత ఇంగ్లీషులోనూ, వైకింగులు తెచ్చిన నార్స్ భాషలోనూ ఉన్న మాట అది. లోయలో నది, రాతి గోడలు, గడ్డి చేలు, ఊళ్ళు, టీ దొరికే చోట్లు ఉంటాయి. మూర్ అంటే రెండు లోయల మధ్య ఎత్తుగా పరుచుకున్న బీడు. కుళ్ళిన మొక్కలు పేరుకున్న తడి నేల (పీట్), హెదర్ అనే పొట్టి పూల పొదలు, గొర్రెలు. నీడకి చెట్టుండదు, గాలికి అడ్డుండదు. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఈ రైడ్ మొత్తం లోయలోంచి మూర్ మీదికి, మూర్ మీంచి లోయలోకి, మూడుసార్లు. అలసట లోయలో తెలియదు, మూర్ మీద తెలుస్తుంది. అందుకే మూర్ ఎక్కాలా వద్దా అన్న నిర్ణయం ఎప్పుడూ లోయలో ఉండగానే తీసుకోవాలి. నా ప్లానంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

రూటు ఇదీ. స్వేల్‌డేల్‌లోని రీత్ ఊళ్ళో మొదలు. అక్కణ్ణుంచి వాయవ్యంగా ఆర్కెన్‌గార్త్‌డేల్ లోయ వెంట లాంగ్‌థ్వెయిట్ మీదుగా టాన్ హిల్. అక్కడున్న సత్రం 528 మీటర్ల ఎత్తులో ఉంది, బ్రిటన్‌లో అంతకంటే ఎత్తులో ఇంకో పబ్ లేదు. అక్కణ్ణుంచి దక్షిణంగా కెల్డ్, థ్వెయిట్ ఊళ్ళకి దిగి, బటర్‌టబ్స్ కనుమ ఎక్కాలి. అదీ 526 మీటర్లు. అవతల దిగితే వెన్స్‌లీడేల్‌లో హాస్ పట్టణం. తర్వాత తూర్పుగా ఆస్క్‌రిగ్, కార్‌పర్బీ, కాసిల్ బోల్టన్. చివరికి ఉత్తరంగా గ్రింటన్ మూర్ దాటి మళ్ళీ రీత్. మొత్తం ఎక్కే ఎత్తు సుమారు 1,200 మీటర్లు. మా తమ్ముడు చూడనిది ఆ అంకెనే.

ఏ వైపు తిరగాలి

ఇక్కడ గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. నేను చెప్పిన దిక్కులో వెళ్తే, కాళ్ళలో సత్తువ ఉన్న పొద్దుటిపూట టాన్ హిల్ వైపు ఎదురుగాలి తింటాం. మధ్యాహ్నం వెన్స్‌లీడేల్‌లో తూర్పుకి తిరిగాక అదే గాలి వెనకనుంచి తోస్తుంది. ఈ దిక్కు వెనక నా సొంత పాఠం ఒకటుంది. మొదటిసారి సెప్టెంబరు చివర్లో వ్యతిరేక దిక్కులో వెళ్ళాను. పొద్దున వెన్స్‌లీడేల్ పొడుగునా పడమటి గాలికి ఎదురు తొక్కి, హాస్ చేరేసరికే సగం అయిపోయాను. బటర్‌టబ్స్ ఎక్కి టాన్ హిల్ చేరేసరికి వెలుతురు తగ్గుతోంది. ఆర్కెన్‌గార్త్‌డేల్ దిగేటప్పుడు చేతివేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు గట్టిగా నొక్కలేకపోయాను. కింది ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంటి ముందు ఆగి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడితే, ఆవిడే తలుపు తీసి వేడి నీళ్ళ సీసా ఇచ్చారు. ఆ రోజు నుంచి ఏ రైడ్‌కైనా గాలి దిక్కు చూడకుండా రూటు గీయను.

గాలి ఎప్పుడూ పడమరే కాదు. తూర్పు గాలి అని ఫోర్‌కాస్ట్ చెప్తే ఇదే రూటుని తిరగేయండి.

ఎత్తుని టైముగా మార్చడం

నా లెక్క ఇది. చదును మీద నేను హాయిగా తొక్కే వేగం గంటకి 18 కిలోమీటర్లు. 68ని 18తో భాగిస్తే దగ్గర దగ్గర 3 గంటల 45 నిమిషాలు. ఎక్కే ప్రతి 100 మీటర్లకీ 6 నిమిషాలు కలుపుతాను. 1,200 మీటర్లకి 72 నిమిషాలు. అంటే తొక్కడానికే 5 గంటలు. తినడానికి, బట్టలు మార్చుకోవడానికి, ఫొటోలకి గంటన్నర. పంక్చరో, దారి తప్పడమో జరిగితే ఇంకో గంట. ఏడున్నర గంటలు! పొద్దున ఎనిమిదిన్నరకి రీత్‌లో బయల్దేరితే సాయంత్రం నాలుగు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది కాబట్టి టెన్షన్ లేదు. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, అప్పుడు ఈ రూటు పెట్టుకోకూడదు. నేను మే నుంచి సెప్టెంబరు మధ్య వరకే వెళ్తాను. మీ వేగం మీది. ఒక చిన్న కొండ రూటులో టైము చూసుకుని ఈ రెండు అంకెల్నీ మీకు తగినట్టు మార్చుకోండి.

కోమూట్, స్ట్రావా లాంటి యాప్‌లు గీసే ఎత్తుల బొమ్మ మంచిదే, కానీ చిన్న నిట్టనిలువు ముక్కల్ని అది సాఫీ చేసేస్తుంది. అందుకే పక్కన బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ 1:50,000 మ్యాపు పెట్టుకుంటాను. అందులో రోడ్డు మీద ఒంటి బాణం ఉంటే వాలు 14 నుంచి 20 శాతం. జంట బాణం ఉంటే 20 శాతం కంటే ఎక్కువ. బాణం మొన దిగే వైపు చూపిస్తుంది. రూటు పొడుగునా ఆ బాణాలన్నిటినీ పెన్సిల్‌తో చుట్టేయండి. మొన మీకు ఎదురుగా ఉంటే ఎక్కాలి, మీరు వెళ్ళే వైపే ఉంటే దిగాలి. దిగే బాణాల్ని కూడా లెక్కపెట్టండి, వాటి దగ్గరే ప్రమాదాలు జరుగుతాయి. పక్కపక్కగా ఉన్న ఎత్తు గీతల మధ్య తేడా 10 మీటర్లు. గీతలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తే అక్కడ దమ్ము పట్టాల్సిందే.

రోడ్డు బోర్డుల మీద దూరాలు మైళ్ళలో ఉంటాయి, మీ సైకిల్ కంప్యూటర్ కిలోమీటర్లలో ఉండొచ్చు. అలసిపోయిన బుర్రకి ఆ మార్పిడి కష్టం. ముందే ఒకే కొలతలో ఒక చిన్న చీటీ రాసి హ్యాండిల్‌కి టేపుతో అంటించుకుంటే బాగుంటుంది. నా చీటీలో ఊరి పేరు, దూరం, అక్కడికి చేరాల్సిన టైము, అంతే ఉంటాయి.

వెనక్కి వచ్చే దారులు ముందు గీయాలి

చాలామంది వెళ్ళే దారి గీసి ప్లాన్ అయిపోయిందనుకుంటారు. నేను వెనక్కి వచ్చే దారులు గీశాకే పడుకుంటాను.

మొదటి నిర్ణయం లాంగ్‌థ్వెయిట్‌లో. ఇంకా లోయలోనే ఉంటాం. పైన టాన్ హిల్ వైపు మబ్బు కిందికి దిగి రోడ్డుని మింగేసి ఉంటే, వెనక్కి తిరిగితే రీత్ దాకా చాలావరకు దిగుడే. ఒక జాగ్రత్త. లాంగ్‌థ్వెయిట్ దాటిన కాసేపటికి ఎస్కెలెత్ దగ్గర కుడివైపుకి ఒక రోడ్డు చీలుతుంది. అది స్టాంగ్ అనే గట్టి కొండెక్కి బార్నార్డ్ కాసిల్ వైపు పోతుంది. తల వంచుకుని తొక్కేవాళ్ళు అటు తిరిగే అవకాశం ఉంది. మనం లోయ వెంటే పోవాలి.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, థ్వెయిట్‌లో. టాన్ హిల్ దిగి కెల్డ్ మీదుగా ఇక్కడికి వస్తాం. కుడివైపు బటర్‌టబ్స్. ఎడమకి నది వెంట బీ6270 రోడ్డు మకర్, గన్నర్‌సైడ్ మీదుగా తిన్నగా రీత్ చేరుస్తుంది. అంటే ఇక్కడిదాకా ఏం జరిగినా ఇంటిదారి సులువు. బటర్‌టబ్స్ దాటారంటే మాత్రం మీరు వెన్స్‌లీడేల్‌లో, మీ కారు స్వేల్‌డేల్‌లో. రెండిటి మధ్యా ఎటు నుంచి వచ్చినా కొండే. హాస్‌లో కాళ్ళు పట్టేశాయంటే దగ్గర్లో సులువు దారంటూ లేదు. అందుకే థ్వెయిట్‌లో దిగి, గోడకి సైకిల్ ఆనించి, నన్ను నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పన్నెండు దాటిందా? తినబుద్ధి కావడం లేదా? బట్టలు లోపలిదాకా తడిశాయా? ఒక్కదానికి అవునని వచ్చినా ఎడమకి తిరుగుతాను. అలా రెండుసార్లు తిరిగాను. మకర్ దగ్గర జూన్‌లో గడ్డి చేలు పూలతో నిండి ఉంటాయి, చేనుకొక రాతి కొట్టం. ఎడమకి తిరిగిన రోజులు కూడా నాకు మంచి రోజులే.

తమ్ముడు ఇక్కడే అడ్డుపడ్డాడు. "అక్కా, అంత దూరం వెళ్ళి బటర్‌టబ్స్ ఎక్కకుండా వచ్చేస్తామా?" అని. ఎక్కకపోతే కనుమ ఎటూ పోదురా, మళ్ళీ ఆదివారం అక్కడే ఉంటుంది అన్నాను.

మూడో నిర్ణయం హాస్‌లో. గ్రింటన్ మూర్ కుదరదనిపిస్తే పడమరగా 10 కిలోమీటర్ల దూరంలో సెటిల్–కార్లైల్ రైలు మార్గం మీద గార్స్‌డేల్ స్టేషన్ ఉంది. రైలుతోనే రావాలనుకునేవాళ్ళు కారు జోలికి పోకుండా మొత్తం రూటుని గార్స్‌డేల్ నుంచే మొదలుపెట్టొచ్చు, కాకపోతే రానూ పోనూ 20 కిలోమీటర్లు కలుస్తాయి. రైల్లో సైకిళ్ళకి చోటు తక్కువ, ముందే కనుక్కోండి.

వాతావరణం

ఊరి ఫోర్‌కాస్ట్ చూస్తే సరిపోదు. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ వాళ్ళు యార్క్‌షైర్ డేల్స్‌కి విడిగా కొండల ఫోర్‌కాస్ట్ ఇస్తారు. అందులో ఎత్తు మీద గాలి వేగం, మబ్బు ఎంత కిందికి దిగుతుందో ఉంటుంది. రీత్‌కీ టాన్ హిల్‌కీ ఎత్తు తేడా 340 మీటర్ల చిల్లర. ఆ ఎత్తుకి సుమారు రెండు డిగ్రీలు తగ్గుతాయి. రెండేనా అనిపిస్తుంది. దానికి గాలి, ఎక్కేటప్పుడు పట్టిన చెమట, దిగేటప్పుడు గంటకి 40 కిలోమీటర్ల వేగం కలిస్తే ఆ చలి వేరే. గాలి గంటకి 25 మైళ్ళు దాటి, ఉన్నట్టుండి విసిరే గాలి 40 మైళ్ళు ఉంటే నేను వెళ్ళను. బటర్‌టబ్స్ మీద పక్కగాలి సైకిల్‌ని అవతలి లేనులోకి నెట్టగలదు.

ఈ ప్రాంతం వర్షం సంగతి చెప్పడానికి 2019 చాలు. ఆ ఏడు జూలై 30న కుండపోతగా కురిసి స్వేల్‌డేల్, ఆర్కెన్‌గార్త్‌డేల్‌లలో వరదలొచ్చాయి. గ్రింటన్ దగ్గర ఒక వంతెన కూలిపోయింది. రెండు నెలలకి ప్రపంచ సైక్లింగ్ చాంపియన్‌షిప్ ఇక్కడ జరిగితే, మగవాళ్ళ రోడ్ రేసులోంచి బటర్‌టబ్స్, గ్రింటన్ మూర్ రెండిటినీ వాన వల్ల తీసేశారు. ప్రపంచంలోకెల్లా గట్టి సైకిలిస్టులకే దారి మార్చారంటే మనం మార్చుకోవడంలో చిన్నతనం లేదు. 2021 నవంబరులో తుఫాను మంచుకి టాన్ హిల్ సత్రంలో అరవై మందికి పైగా మూడు రాత్రులు చిక్కుకుపోయారు. బయల్దేరే ముందు రోజు రాత్రి నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ రోడ్డు మూసివేతలు కూడా చూసుకోండి.

సైకిల్, సంచి

గేర్ల విషయంలో మొహమాటం వద్దు. ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 34 పళ్ళు, అంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ వెనక చక్రం ఒక చుట్టు. నాకు అదే సరిపోతుంది. వెనక 28 పళ్ళతో వచ్చేవాళ్ళు మొదటి కొండ మీదే మోకాళ్ళు పట్టుకుంటారు. టైరు 28 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి, 32 అయితే ఇంకా హాయి. బ్రేక్ ప్యాడ్‌లు ముందు వారమే చూసుకోండి, కొత్తవి వేస్తే ఇంటి దగ్గరే రెండు రోజులు తొక్కి అరగదీయండి.

సంచిలో ట్యూబులు రెండు, టైరు లీవర్లు, పంపు, మల్టీటూల్, చైను తెగితే కలపడానికి క్విక్ లింకు, పాత టైరులోంచి కోసిన ముక్క ఒకటి. రాళ్ళు టైరు పక్కని కోసేస్తే ట్యూబు బయటికి ఉబ్బకుండా ఆ ముక్క లోపల పెట్టాలి, నన్ను ఒకసారి ఇల్లు చేర్చింది అదే. బట్టల్లో గాలి ఆపే జాకెట్, వానకోటు, వేళ్ళు మూసే గ్లవ్స్, మెడకి ఒక గుడ్డ. జూన్‌లో కూడా! కొండ పైన ఆగగానే, చలేయకముందే జాకెట్ తొడగాలి. చలేశాక తొడిగితే ఒళ్ళు వేడెక్కడానికి అరగంట పడుతుంది. ముందు వెనక లైట్లు పగలు కూడా వెలిగించండి. పొగమంచులో కారువాళ్ళకి మీరు కనపడేది వాటివల్లే.

ఫోన్ సంగతి. సిగ్నల్ బొత్తిగా లేనిచోట ఎలాగూ ఏదీ పనిచేయదు. సన్నగా ఉండి మాట అందని చోట మాత్రం మెసేజ్ వెళ్ళొచ్చు. రిజిస్టర్ అనే మాటని ఇంగ్లీషులో 999కి (ఇక్కడి అత్యవసర నంబరు) మెసేజ్ చేసి, వచ్చిన జవాబు ప్రకారం ఒప్పుకుంటే, ఆ తర్వాత ఆపదలో 999కి మెసేజ్ ద్వారా కూడా సాయం అడగొచ్చు. ఇది ఇంట్లో ఉండగానే చేసిపెట్టుకోవాలి. మాట్లాడగలిగితే పోలీసుని అడిగి మౌంటెన్ రెస్క్యూ, అంటే కొండల్లో కాపాడే దళం, కావాలని చెప్పాలి. ఇంట్లోవాళ్ళకి రూటు, చేరే టైము, ఎంతదాకా ఫోన్ రాకపోతే కంగారు పడాలో రాసి పెట్టండి.

తిండి విషయంలో ఒకటే నియమం: ఆకలి వేయకముందు తినాలి. గంటకి 40 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు నా లెక్క. ఒక అరటిపండులో 25 గ్రాముల దాకా, ఓట్స్‌తో చేసే తీపి బిళ్ళ ఫ్లాప్‌జాక్ ఒక మాదిరిదాంట్లో 35 గ్రాముల దాకా వస్తుంది. పెద్ద భోజనం హాస్‌లో పెట్టుకోకండి, కడుపు నిండుగా గ్రింటన్ ఎక్కడం నరకం. మంగళవారం అక్కడ సంత, ఎండ కాసిన ఆదివారం మోటార్‌సైకిళ్ళ గుంపు. నాకైతే బుధ, గురువారాలు నచ్చుతాయి. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, పైన గొర్రెలున్నాయి.

దారిలో

గొర్రెల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మూర్ మీద కంచెలుండవు, నల్ల మొహం తెల్ల ముట్టె ఉన్న స్వేల్‌డేల్ గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పిల్ల రోడ్డుకి ఒక పక్క, తల్లి ఇంకో పక్క ఉంటే, మీరు దగ్గరికి రాగానే పిల్ల తప్పకుండా తల్లి వైపు పరిగెడుతుంది, మీ చక్రం ముందునుంచే. తల్లిని చూడగానే పిల్లెక్కడా అని వెతకండి, వేగం నడక దాకా తగ్గించండి.

పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా గుంత మీద ఇనప కడ్డీలు పరిచి ఉంటాయి, క్యాటిల్ గ్రిడ్ అంటారు. వాటి మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. సీటు మీంచి కొంచెం లేచి, మోకాళ్ళు సడలించి, తిన్నగా పోనివ్వాలి. తడిగా ఉండి ధైర్యం చాలకపోతే పక్కన గేటుంటుంది.

టాన్ హిల్ నుంచి కెల్డ్ వైపు దిగేటప్పుడు చివర్లో వెస్ట్ స్టోన్స్‌డేల్ దాటాక మెలికలు తిరిగిన నిట్ట దిగుడుంది. రెండు బ్రేకుల్నీ వంతులవారీగా నొక్కి వదులుతూ రండి, మలుపు లోపల కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించండి. బటర్‌టబ్స్ ఎక్కేటప్పుడు మొదట్లోనే గట్టి వాలు, అక్కడ ఊపిరి పోగొట్టుకోకుండా చిన్న గేరులో నింపాదిగా పోవాలి. పైకి వెళ్ళాక రోడ్డు పక్కనే సున్నపురాతిలో లోతైన గుంతలు కనిపిస్తాయి. హాస్ సంతకి వెన్న మోసుకెళ్ళే రైతులు ఎండ రోజుల్లో వెన్నని ఆ గుంతల్లో దింపి చల్లబరిచేవారట, పేరు అలా వచ్చిందంటారు. 2014 జూలై 5న టూర్ డి ఫ్రాన్స్ మొదటి అంచె ఈ కనుమ మీదుగానే సాగింది, అవతలి హాస్ వైపు నుంచి ఎక్కి.

హాస్ నుంచి ఆస్క్‌రిగ్‌కి ఏ684 పెద్ద రోడ్డు పట్టుకోకండి, లారీలుంటాయి. నదికి ఉత్తరాన చిన్న రోడ్డుంది, అదే మనది. కాసిల్ బోల్టన్‌లో స్కాట్స్ రాణి మేరీని 1568–69లో బందీగా ఉంచిన కోట కనిపిస్తుంది. ఆ గోడ నీడన కూర్చుని చివరి ఫ్లాప్‌జాక్ తినేయండి, దాచుకోకండి. గ్రింటన్ మూర్ ముందటి రెండిటి కంటే తక్కువ ఎత్తే, కానీ కాళ్ళు అప్పటికే అలిసిపోయి ఉంటాయి, చాలామంది నడిచేది ఇక్కడే. నడవండి. ఆగస్టులో అయితే రెండు పక్కలా హెదర్ వంగపువ్వు రంగులో విరబూసి ఉంటుంది, నడిచినవాళ్ళకే అది తీరిగ్గా కనిపిస్తుంది.

దిగేటప్పుడు స్వేల్‌డేల్ అంతా ఒక్కసారి కళ్ళ ముందుకొస్తుంది. అప్పుడే బ్రేకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వాలు నిట్టగా ఉంటుంది, క్యాటిల్ గ్రిడ్ కూడా ఉంది. గ్రింటన్ చర్చి దాటి, స్వేల్ నది మీద వంతెన దాటి ఎడమకి తిరిగితే ఫ్రెమింగ్టన్, ఆ వెంటనే రీత్. కారు డిక్కీ తీయకముందే చీటీ మీద ప్రతి ఊరి పక్కనా నిజంగా చేరిన టైము రాసుకోండి, రేపటికి మర్చిపోతారు.